నారు ఎప్పుడు నాటాలి? షార్లెట్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ గురించిన వాదన

వీసాలు, ఇళ్ల ధరల తర్వాత మా షార్లెట్ తెలుగు ఇళ్లలో ఎక్కువగా నడిచే వాదన ఏమిటని ఎవరైనా అడిగితే, బ్రైస్ యంగ్ అని చెబుతాను. కరోలినా పాంథర్స్ అనే మా ఊరి ఫుట్‌బాల్ జట్టు 2023లో తెచ్చుకున్న కుర్రాడు. జట్టు అతన్ని సరిగ్గా పెంచిందా, పాడుచేసిందా, తొందరపడి దింపిందా అన్నది ప్రశ్న. ఆదివారం పాట్‌లక్‌లో పులిహోర గిన్నె మీద మూత తీసేలోపే మగవాళ్లు రెండు పక్షాలుగా విడిపోతారు. ఈ మధ్య ఆడవాళ్లమూ విడిపోతున్నాం.

నేను ఈ ఊరికి వచ్చి తొమ్మిదేళ్లు. బోటనీలో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు ఇల్లు, ఇద్దరు పిల్లలు. నిజం చెప్పాలంటే ఆట కన్నా ఆ వాదనే నన్ను ముందు పట్టుకుంది. ఎందుకంటే అందులో వినిపించేవన్నీ పిల్లల పెంపకం మాటలే. "ఇంకా పసివాడు, కాస్త ఆగాల్సింది." "నీళ్లలో దిగితే కదా ఈత వచ్చేది!" "పక్కవాడిని చూడు, ఎలా ఆడుతున్నాడో." ఈ మాటలు మనం ఎక్కడ వినలేదు చెప్పండి?

ఆట చూడని వాళ్ల కోసం

మీ ఇంట్లో కూడా ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు నుంచి కేకలు వినిపిస్తుంటే, ఈ నాలుగు ముక్కలు పనికొస్తాయి.

మైదానంలో ఒక్కో జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిలో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు. దాదాపు ప్రతి ప్రయత్నమూ క్వార్టర్‌బ్యాక్ చేతిలోనే మొదలవుతుంది. బంతి చేతికి అందాక అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అంతలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, ఎవరికి విసరాలో తేల్చి, విసిరెయ్యాలి. ఎదుటి జట్టువాళ్లు, నూరు కిలోలు దాటినవాళ్లు, మీదికి దూకుతుంటారు. వాళ్లని ఆపడానికి అతని ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. దాన్ని అఫెన్సివ్ లైన్ అంటారు. గోడ కూలిందంటే కుర్రాడు బంతితో సహా నేల మీద పడతాడు. అది శాక్.

కాలేజీ నుంచి వచ్చి మొదటి ఏడు ఆడేవాడు రూకీ. ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లు ఉన్నాయి. ఏటా వసంతంలో డ్రాఫ్ట్ జరుగుతుంది. ముందటి సీజన్‌లో అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదట ఎంచుకునే హక్కు ఉంటుంది. అంటే అందరిలోకీ మంచి కుర్రాడు సాధారణంగా అందరిలోకీ గందరగోళంగా ఉన్న ఇంటికే వెళతాడు. పదకొండేళ్ల మా అమ్మాయికి ఇది చెబితే, "అమ్మా, అది ఆ అబ్బాయికి ప్రైజా, పనిష్‌మెంటా?" అని అడిగింది. షార్లెట్ అభిమానులు మూడేళ్లుగా కొట్టుకుంటున్నది ఈ ప్రశ్న మీదే.

కుర్రాడు వచ్చిన ఇల్లు

2023 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక నిజానికి చికాగో బేర్స్‌ది. దాన్ని పాంథర్స్ కొనుక్కున్నారు. ధర ఏమిటంటే, ఆ ఏడాది 9వ ఎంపిక, 61వ ఎంపిక, 2024లో మొదటి రౌండ్ ఎంపిక, 2025లో రెండో రౌండ్ ఎంపిక. ఇవి చాలవన్నట్టు డీ.జే. మూర్ అనే తమ మంచి రిసీవర్‌ని కూడా ఇచ్చేశారు. కుర్రాడు విసిరే బంతిని పట్టుకోవలసిన మనిషిని ఇచ్చి కుర్రాడిని తెచ్చుకున్నారన్నమాట. ఎద్దుల్ని అమ్మి నాగలి కొన్నట్టు!

అలా వచ్చినవాడు బ్రైస్ యంగ్. అలబామా యూనివర్సిటీలో ఆడుతూ 2021లో కాలేజీ ఆటలో అతి పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీ గెలుచుకున్నాడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. మన ఇళ్లలో బాగానే ఉన్నాడంటాం కానీ, ఈ ఆటలో పొట్టివాడి కిందే లెక్క.

మొదటి ఆట నుంచే దింపేశారు. ఆ ఏడు జట్టు 17 ఆటల్లో గెలిచింది రెండే. యంగ్ 16 ఆటలు ఆడి 62 సార్లు శాక్ అయ్యాడు. అంటే ఆటకు దాదాపు నాలుగుసార్లు. ఏ ప్రయత్నానికి ఏ ఎత్తు వేయాలో చెప్పే బాధ్యత హెడ్ కోచ్ ఫ్రాంక్ రైక్ దగ్గర నుంచి మరో కోచ్‌కి వెళ్లి, మళ్లీ రైక్ దగ్గరికే వచ్చింది. 11 ఆటల తర్వాత, నవంబర్ చివరలో, రైక్‌నే తీసేశారు. చదువుకునే పిల్లవాడికి ఒకే ఏడాదిలో ట్యూషన్ మాస్టార్లు ఇన్నిసార్లు మారితే మనం ఏమంటాం?

పుండు మీద కారం చల్లినట్టు, అదే డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా హ్యూస్టన్ టెక్సన్స్‌కి వెళ్లిన సీ.జే. స్ట్రౌడ్ మొదటి ఏడాదే 4,000 గజాలు దాటించాడు. 23 టచ్‌డౌన్లు విసిరి, ఉత్తమ అఫెన్సివ్ రూకీ అనిపించుకున్నాడు. అతని జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. పాంథర్స్ అందరికన్నా చివర నిలవడంతో, వాళ్లు చికాగోకి ఇచ్చేసిన 2024 ఎంపిక మొదటి ఎంపిక అయింది. దాంతో చికాగో మరో క్వార్టర్‌బ్యాక్‌ని, కేలెబ్ విలియమ్స్‌ని తెచ్చుకుంది.

మూడు పక్షాలు

అప్పటి నుంచి అభిమానుల్లో మూడు పక్షాలు తయారయ్యాయి.

మొదటిది గోడ పక్షం. మావారు ఇందులో ఉన్నారు. "62 సార్లు కిందపడ్డవాడు తల ఎత్తి ఎలా చూస్తాడు? ముందు గోడ కట్టండి, తర్వాత కుర్రాడిని అనండి" అంటారు. వీళ్లు ఎప్పుడూ ఎత్తే పేరు డేవిడ్ కార్. 2002లో హ్యూస్టన్ టెక్సన్స్ కొత్తగా పుట్టినప్పుడు వాళ్ల మొదటి ఎంపిక. ఆ ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ అయ్యాడు. ఆ తర్వాత అతని మీద పెట్టుకున్న ఆశ నెరవేరనే లేదు.

రెండోది కుర్రాడి పక్షం. "ఉన్నవాడు ఎక్కడైనా ఆడతాడు. స్ట్రౌడ్ ఆడలేదా? ఎంచుకోవడమే తప్పు" అన్నది వీళ్ల మాట. మా పక్కింటి అమెరికన్ పెద్దాయన ఈ పక్షం. 2023 శీతాకాలమంతా చెత్తబుట్ట రోడ్డు మీద పెట్టడానికి వచ్చినప్పుడల్లా నాతో ఇదే చెప్పి నిట్టూర్చేవాడు.

మూడోది ఆగాల్సింది పక్షం. ఏడాది పాటు ఓ అనుభవజ్ఞుడి వెనక కూర్చోబెట్టి, చూసి నేర్చుకోనిచ్చి, తర్వాత దింపాల్సిందంటారు. మా స్నేహితురాలి భర్త ఈ పక్షానికి లాయరు. "వదినా, మహోమ్స్ కూర్చోలేదా? రాడ్జర్స్ కూర్చోలేదా?" అని మొదలుపెడతాడు. అతను చెప్పేది నిజమే. కాన్సస్ సిటీలో ప్యాట్రిక్ మహోమ్స్ 2017లో దాదాపు సీజన్ అంతా అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని ఒకే ఆట మొదలుపెట్టాడు, మరుసటి ఏడు 50 టచ్‌డౌన్లు విసిరాడు. గ్రీన్ బేలో ఆరన్ రాడ్జర్స్ మూడేళ్లు బ్రెట్ ఫావ్ వెనక కూర్చున్నాడు. తర్వాత జోర్డన్ లవ్ మూడేళ్లు అదే రాడ్జర్స్ వెనక కూర్చున్నాడు.

మరి అందరూ అలాగే చేయవచ్చు కదా అంటే, డబ్బు లెక్క ఒకటి అడ్డం వస్తుంది. 2011 నుంచి రూకీల జీతాలకు కట్టుబాటు ఉంది. మొదటి రౌండ్ కుర్రాడికి నాలుగేళ్ల ఒప్పందం, ఐదో ఏడు జట్టు ఇష్టం. ప్రతి జట్టు మొత్తం జీతాలకూ పరిమితి ఉంది. క్వార్టర్‌బ్యాక్ తక్కువ జీతానికి దొరికే ఆ కొన్నేళ్లలోనే మిగిలిన డబ్బుతో మంచి ఆటగాళ్లని తెచ్చుకోవాలి. ఒక ఏడాది కూర్చోబెడితే ఆ చవక ఏడాది పోయినట్టే. అందుకే యజమానులకు తొందర. ఇంత ధర పోసి తెచ్చుకున్నవాడిని కూర్చోబెడితే టికెట్లు కొన్న అభిమానులూ ఊరుకోరు.

బెంచ్

2024లో ఇల్లు సర్దారు. డేవ్ కనాలెస్ కొత్త కోచ్‌గా వచ్చాడు. సియాటిల్‌లో జీనో స్మిత్‌తో, టాంపాలో బేకర్ మేఫీల్డ్‌తో పనిచేసినవాడు. పడిపోయిన క్వార్టర్‌బ్యాక్‌లను నిలబెట్టేవాడని పేరు. గోడ కోసం రాబర్ట్ హంట్, డేమియన్ లూయిస్ అనే ఇద్దరు గార్డులను భారీ ఒప్పందాలతో తెచ్చారు. గోడ పక్షం పండగ చేసుకుంది.

మొదటి ఆట 47-10తో ఓడారు, రెండోది 26-3తో. మూడో ఆటకు యంగ్‌ని పక్కన పెట్టి 36 ఏళ్ల ఆండీ డాల్టన్‌ని దింపారు. అదే జట్టు, అదే గోడ, ఆ ఆటలో 36 పాయింట్లు చేసి గెలిచింది. కుర్రాడి పక్షం చేతిలో ఇంతకన్నా పెద్ద ఆయుధం ఇంకేం కావాలి?

బెంచ్ అనే మాట మన ఇళ్లలో మామూలుగా వినే మాట కాదు. ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరకని నెలల్లో మన ఇళ్లు ఎలా ఉంటాయో ఇది చదివే చాలామందికి తెలుసు. మావారు కొన్నేళ్ల క్రితం రెండు నెలలు బెంచ్ మీద ఉన్నారు. ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి చూసేవాళ్లం. అందుకే 23 ఏళ్ల కుర్రాడిని దేశమంతా చూస్తుండగా కూర్చోబెట్టినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ ఏమీ అనలేదు. "వాడి చేతిలో ఏముంది?" అని మాత్రం మావారు మెల్లగా అన్నారు.

డాల్టన్ ఆ గెలుపు తర్వాత వరసగా నాలుగు ఓడాడు. అక్టోబర్‌లో అతని కారుకు ప్రమాదం జరిగి బొటనవేలు బెణికింది. యంగ్ తిరిగి వచ్చాడు. డెన్వర్‌లో ఓడినా, తర్వాత న్యూ ఓర్లీన్స్ మీద, మ్యూనిక్‌లో జరిగిన ఆటలో న్యూయార్క్ జెయింట్స్ మీద గెలిచాడు. ఆ తర్వాత అతన్ని మళ్లీ పక్కన పెట్టలేదు. సీజన్ చివరి ఆటలో అట్లాంటాని 44-38తో ఓడించారు. మూడు టచ్‌డౌన్లు విసిరాడు, రెండు తనే పరిగెత్తి చేశాడు. 2025లో 8 గెలిచి 9 ఓడినా, డివిజన్‌లో మొదటి స్థానం వచ్చింది. 2017 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ ఆడి, లాస్ ఏంజెలెస్ రామ్స్ చేతిలో 34-31తో మాత్రమే ఓడారు.

ఎవరు గెలిచారు?

ఇక్కడే నాకు ఆసక్తి. ఇంత జరిగాక మూడు పక్షాలూ తామే గెలిచామంటున్నాయి! గోడ పక్షం గోడ వల్లే అంటుంది. ఆగాల్సింది పక్షం ఆ అయిదారు వారాల బెంచ్ వల్లే అంటుంది. పక్కింటి పెద్దాయన "గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ కదా" అని ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

ఎమ్మెస్సీలో మాకు మొదట నేర్పేది ఒకటుంది. ఎరువు పనిచేసిందో లేదో తెలియాలంటే పక్కనే ఎరువు వేయని మడి ఒకటి ఉండాలి. మిగతావన్నీ సమానంగా ఉండాలి. యంగ్ విషయంలో కోచ్ మారాడు, గోడ మారింది, బెంచ్ మీద కూర్చున్నాడు, వయసూ ఏడాది పెరిగింది. అన్నీ కలిసి మారినప్పుడు ఏది పనిచేసిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. రెండో బ్రైస్ యంగ్ లేడు, 2023 మళ్లీ రాదు.

ఉదాహరణలూ అంతే. కూర్చుని గొప్పవాడైన మహోమ్స్ పేరు అందరికీ గుర్తు. కూర్చుని కూర్చుని కనుమరుగైనవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. మొదటి రోజే దిగినవాళ్లలో కార్ ఉన్నాడు, పేటన్ మ్యానింగ్ కూడా ఉన్నాడు. 1998లో మ్యానింగ్ రూకీగా 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, జట్టు మూడే గెలిచింది. మరుసటి ఏడు అదే జట్టు 13 గెలిచింది. స్ట్రౌడ్ సంగతీ చూడండి. రెండో ఏడు అతని ముందు గోడ బలహీనపడి 50కి పైగా శాక్‌లు అయ్యేసరికి అతని అంకెలూ పడిపోయాయి. ఉన్నవాడు ఎక్కడైనా ఆడతాడన్న మాట అక్కడ ఆగిపోయింది.

షార్లెట్‌కి మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. 2018 డ్రాఫ్ట్‌లో మొదటివాడు బేకర్ మేఫీల్డ్, మూడోవాడు శామ్ డార్నల్డ్. ఇద్దరూ 2022లో పాంథర్స్‌లోనే ఉన్నారు. ఇద్దరూ పనికిరారని ఊరంతా తీర్మానించింది. 2024లో మేఫీల్డ్ టాంపాకి 41 టచ్‌డౌన్లు విసిరాడు, డార్నల్డ్‌తో మిన్నెసోటా 14 ఆటలు గెలిచింది. విత్తనాలు అవే. మడి మారింది.

మా నాన్న నారుమడి

మాది పశ్చిమ గోదావరి. నారు ఎన్ని రోజులకు పీకి నాటాలన్నది మా ఇంట్లో ప్రతి సార్వాకీ జరిగే చర్చ. మామూలుగా 25, 30 రోజుల మధ్య నాటేవారు. కాలవకి నీరు ఆలస్యమై నారు ముదిరితే పిలకలు తక్కువ వస్తాయి. అప్పుడు మా నాన్న కుదుళ్లు దగ్గరగా వేయించేవారు. అంటే ఆలస్యానికి ఖరీదు ఉంది, దానికో సర్దుబాటూ ఉంది.

తర్వాత శ్రీ పద్ధతి వచ్చింది. అందులో 8 నుంచి 12 రోజుల లేత నారునే నాటుతారు, కుదురుకు ఒక్క మొక్క చొప్పున. మొదటిసారి విన్నవాళ్లు నవ్వారు. కానీ చేను అద్దంలా చదును చేసి, నీరు నిలవకుండా తడి మాత్రం ఉంచి, కలుపు వెంటవెంట తీస్తే ఆ ఒక్క మొక్కే గుత్తులుగా పిలకలు వేస్తుంది. ఆ లేత నారునే ఎత్తుపల్లాల చేలో మోకాలి లోతు నీళ్లలో పెడితే కుళ్లిపోతుంది. నారు వయసు ఎంత అన్న ప్రశ్నకు చేను చూడకుండా జవాబు లేదు. నారు పోసినవాడు నీరు పోయడా అంటాం. పాంథర్స్ మొదటి ఏడాది నారు పోసి, గట్టు మీద నిలబడి చూశారు.

మా ఇంటి రూకీ

ఈ వాదన నాకు ఇంత పట్టడానికి ఇంకో కారణం ఉంది. మా అబ్బాయి ఆగస్టు మూడో వారంలో పుట్టాడు. నార్త్ కరోలినాలో ఆగస్టు 31 నాటికి ఐదేళ్లు నిండితే ఆ ఏడే కిండర్‌గార్టెన్‌లో చేర్చవచ్చు. అంటే ఈసారి వెళితే తరగతిలో అందరికన్నా చిన్నవాడు. ఏడాది ఆపితే అందరికన్నా పెద్దవాడు.

ఇలా ఆపడాన్ని ఇక్కడి తల్లులు రెడ్‌షర్టింగ్ అంటారు. ఆ మాట కాలేజీ ఫుట్‌బాల్ నుంచే వచ్చింది. కొత్త ఆటగాడిని ఏడాది పాటు ప్రాక్టీసుకే పరిమితం చేసి, పోటీల్లో దింపకుండా, ఆడే అర్హత ఏళ్లు మిగుల్చుకోవడం రెడ్‌షర్ట్. ప్రాక్టీసులో వాళ్లకు ఎర్ర చొక్కాలు వేసేవారు, ఆ పేరే నిలిచింది.

మా ఇంట్లోనూ మూడు పక్షాలు తయారయ్యాయి. మా అత్తగారు ఫోన్‌లో, "ఏడాది వృథా ఎందుకమ్మా, మీ ఆయన నాలుగున్నరకే బడికి వెళ్లాడు" అన్నారు. ఈసారి మావారే ఆగుదామన్నారు. "వాడింకా నలుగురిలో నోరు విప్పడు. కిందపడితే లేచే ధైర్యం రానీ" అన్నారు. పరిశోధనలు తిరగేస్తే రెండు వైపులా ఉన్నాయి. పెద్ద వయసులో చేరిన పిల్లలకు మొదట్లో కనిపించే ఆధిక్యం తరగతులు పెరిగేకొద్దీ తగ్గుతుందని చాలావాటిలో ఉంది. తరగతిలో అందరికన్నా చిన్నపిల్లల మీద ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతోందనీ ఉంది. ఆపితే ఇంకో ఏడాది డేకేర్ ఖర్చు, లేదా నేను ఇంకో ఏడాది ఇంట్లో. ల్యాబ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ కోర్సులో చేరాలని నేను ఈ ఆగస్టు కోసమే చూస్తున్నాను. ఆ మాట ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేనే తీసుకువచ్చాను.

చివరికి వయసు లెక్క పక్కన పెట్టి చేను చూడడానికి వెళ్లాం. బడికి వెళ్లి నాలుగు ప్రశ్నలు అడిగాను. తరగతిలో ఎంతమంది? టీచర్‌తో పాటు అసిస్టెంట్ రోజంతా ఉంటారా? ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు మొదటి నెల మాట్లాడకపోతే ఏం చేస్తారు? అక్టోబర్‌లో వాడు తడబడుతున్నాడని తెలిస్తే మాకు ఎవరు, ఎప్పుడు చెబుతారు? టీచర్ మూడో ప్రశ్నకు పుస్తకం చూడకుండా జవాబు చెప్పింది. మాట్లాడని పిల్లలకు మొదట బొమ్మలతో, చేతి పనితో జవాబు చెప్పనిస్తామని, ఇద్దరు ముగ్గురు పిల్లల చిన్న గుంపులో మొదలుపెడతామని అంది. అసిస్టెంట్ రోజంతా ఉంటుందట.

వాడిని ఈ ఏడే చేరుస్తున్నాం. మావారు ఒక షరతు పెట్టారు. అక్టోబర్ చివర టీచర్‌తో కూర్చుని చూద్దాం, అప్పుడు అవసరమైతే బెంచ్ గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం అన్నారు. ఒప్పుకున్నాను. నేను కూడా ఒక షరతు పెట్టాను. నా కోర్సు ఫీజు కూడా ఈ నెలలోనే కట్టాలి. ఆయనా ఒప్పుకున్నారు.

ఇదే నిర్ణయం ముందు మీరూ ఉంటే, మా జవాబు మీ ఇంటికి సరిపోకపోవచ్చు. మీ పిల్లవాడు వేరు, మీ బడి వేరు. ఆ నాలుగు ప్రశ్నలు మాత్రం తీసుకెళ్లండి. పాంథర్స్ అభిమాని ఎవరైనా మీ ఇంటికి భోజనానికి వస్తే, గోడ గురించి ఒక్క మాట అడిగి చూడండి. గారెలు చల్లారిపోయేదాకా కదలరు.